కుక్కపిల్ల వైపు చూడొద్దు

హాజీ ముతవల్లీ కాలు జారింది మూడో అంతస్తు మెట్టు మీద. పడలేదు, కటకటాలు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. కానీ జుబ్బా అంచు తడిసింది. ఆ తడి దేనిదో వాసన పట్టాక, మిగిలిన మెట్లు కూడా ఎక్కి నాలుగో అంతస్తు తలుపు పిడికిలితో బాదాడు.

తలుపు తీసింది దౌలత్. ఒక చేతిలో సగం కుట్టిన బడి యూనిఫాం, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఇంటి యజమాని మొహం చూడగానే సంగతి అర్థమైంది. సూదులు తీసి గుడ్డకు గుచ్చింది.

"ఇప్పుడే తుడిచేస్తాను హాజీ గారూ. చేతిలోంచి జారిపోయింది, నేను చూసుకునేలోపే..."

"తుడవడం సంగతి కాదమ్మా. కుక్క ఉచ్చ తొక్కి మసీదుకెళ్ళమంటావా నన్ను? శనివారం దాకా చూస్తాను. శనివారం మధ్యాహ్నానికల్లా అది బయట పోసుకోవడం నేర్చిందా సరే, లేదంటే గోనెసంచి వాళ్ళకి కబురు పెడతాను. మీ ఆయన షహ్హాత్ నా కళ్ళముందు పెరిగినవాడు కాబట్టి ఈ నాలుగు రోజులైనా ఇస్తున్నా."

లోపలి గదిలోంచి దౌలత్ అత్తగారు బహీగా గొంతు ఖంగుమంది. "నాలుగు రోజులెందుకు హాజీ? ఇప్పుడే చంకలో పెట్టుకుపో, పుణ్యముంటుంది!"

గోనెసంచి వాళ్ళంటే ఎవరో రేవు పక్కనున్న అన్ఫూషీ పేట సందుల్లో అందరికీ తెలుసు. తెల్లవారుజామున వీధికుక్కలకు మాంసం ముక్కలు విసురుకుంటూ వస్తారు. గంట ఆగి సంచులతో మళ్ళీ వస్తారు. వాళ్ళనెవరు పంపుతారో ఎవరూ అడగరు.

తలుపు మూసి దౌలత్ కుట్టుమిషను వెనక్కి తొంగి చూసింది. గోడకీ మిషనుకీ మధ్య జానెడు సందులో కుక్కపిల్ల ముడుచుకుని ఉంది. మూడు నెలలది. బుందుఖ్ గింజలా లేత గోధుమరంగులో ఉంటుంది కనుక షహ్హాత్ దానికి బుందుఖ్ అని పేరు పెట్టాడు. పేరు పెట్టి, తెల్లారి పడవెక్కి వెళ్ళిపోయాడు.

అతను 'బరకత్' అనే చేపల పడవ మీద ఇంజను మెకానిక్కు. బయల్దేరే ముందు సాయంత్రం కోటు గుండీలు పెట్టుకుని ఇంటికొచ్చాడు. కోటు లోపల ఏదో కదులుతోంది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర దీని తల్లిని ఎవరో ఇనపకడ్డీతో కొట్టి చంపారట. మిగతా పిల్లలు చెదిరిపోతే ఇదొక్కటీ మోకుల చుట్టలో దూరి దొరికిందట. "పదిహేను రోజుల్లో వచ్చేస్తా. అప్పటిదాకా బతికించు దౌలత్, చాలు" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన తనను ఏదైనా ఇమ్మని అడిగిన గుర్తు లేదామెకు. పెట్టింది తినేవాడు, ఇచ్చింది తొడుక్కునేవాడు. అందుకే, పుట్టి బుద్ధెరిగి కుక్కను ముట్టని మనిషి, ఆ వణికే ముద్దను చేతుల్లోకి తీసుకుంది.

రెండో రోజే అది బహీగా నమాజు చాప అంచు మీద పోసింది. డెబ్బై ఎనిమిదేళ్ళ బహీగా రబ్బరు చెప్పు తీసి దాన్ని నాలుగు వాయించింది. మెడ పట్టుకుని మూతి ఆ తడిలో రుద్దింది. "ఇలా చేస్తేనే బుద్ధొస్తుంది. మా నాన్న ఇలాగే నేర్పేవాడు" అంది. తర్వాత చాప ఉతికింది, కుక్క తగిలిన మైల పోవాలని చేతులు ఏడుసార్లు కడుక్కుంది, అందులో ఒకసారి మట్టితో తోముకుంది.

బుద్ధి రానైతే వచ్చింది, వేరే రకంగా. ఆ రోజు నుంచి బుందుఖ్ ఎవరి కళ్ళముందూ పోయడం మానేసింది. మంచం కింద, బీరువా వెనక, మిషను చాటున మాత్రమే. కిందికి తీసుకెళ్తే పొట్ట నేలకానించి పడుకునేది. కారు హారను మోగితే వణుకు. బండి చక్రం కిర్రుమంటే వణుకు. ఈ మంగళవారం కూడా గంటసేపు అలాగే పడుకుంది. పైకి తెస్తుంటే మూడో అంతస్తు మెట్ల దగ్గర చేతుల్లోంచి జారి, అంతసేపూ బిగపట్టిందంతా అక్కడ వదిలేసింది.

బుధవారం పొద్దున దౌలత్ దాన్ని పడవలు చేసే దొడ్డి పక్కకు తీసుకెళ్ళింది. ఒడ్డుకు లాగిన పడవలు దిమ్మెల మీద నిలబెట్టి ఉంటాయక్కడ. పిల్ల మెడకు పరదా తాడు కట్టి ఉంది. దౌలత్ దాని ముందు వంగి "పొయ్యి తల్లీ, పొయ్యి నాన్నా" అని బతిమాలుతోంది. గోడవార సార్డీను చేపలమ్మే బుట్ట పెట్టుకున్న మహ్రూసా ఇదంతా చూస్తూ కూర్చుంది. ఆమె చుట్టూ మూడు ఊరకుక్కలు ఎండ కాచుకుంటున్నాయి.

"ఏమే దౌలత్, దాన్ని కొట్టారా?" అంది మహ్రూసా చివరికి.

దౌలత్ తాడు కొస వేలికి చుట్టుకుంది.

"కొట్టారు. తెలుస్తూనే ఉంది. ఇంట్లో పోసినందుకు కొట్టామని మీరనుకుంటారు. దానికేం తెలుసు ఇల్లూ బయటా? మనిషి ముందు పోస్తే దెబ్బలు పడతాయి, అంతే తెలుసు దానికి. నువ్వేమో పోలీసులా దాని మొహంలో మొహం పెట్టి నిలబడ్డావు. నీ మీద ఎవరైనా అలా వంగి చూస్తూ ఉంటే నీకైనా వస్తుందా?"

"మరేం చెయ్యను? శనివారం దాకే గడువు."

"గడువు దానికి చెప్పకు, మరీ బిగుసుకుపోతుంది." మహ్రూసా చేతులు ఆప్రానుకు తుడుచుకుంది. "ఆ పొట్టి తాడు తీసెయ్. బట్టలారేసే తాడు కట్టు, పొడుగ్గా ఉండాలి. అది ఇంట్లో పోసిన గుడ్డ ఒకటి తెచ్చి ఇక్కడ రాయి కింద పెట్టు, తన వాసన తనకి ధైర్యం. తిన్నాక, నిద్ర లేచాక, వెంటనే దింపు. రోజూ ఇదే చోటు. దాని వైపు చూడొద్దు, మాట్లాడొద్దు. పోసిందనుకో, అరవకు, గంతులెయ్యకు. మెల్లిగా ఓ ముక్క పెట్టు." ఒక సార్డీను తల తుంచి కాగితంలో చుట్టి ఇచ్చింది. "మళ్ళీ దెబ్బ పడిందా, నేను చెప్పిందంతా గాలికి."

ఆ చివరి మాటే కష్టం. మధ్యాహ్నం పప్పుచారు గిన్నె అత్తగారి ముందు పెట్టి, దౌలత్ నిలబడే చెప్పింది.

"అత్తయ్యా, ఇంక దాన్ని కొట్టకండి."

"కుక్కను పెట్టి దేవదూతలు గడప తొక్కని ఇల్లు చేశావు. పైగా నాకే సుద్దులా?"

"కొడితే అది నేర్చుకోదు. దాక్కుంటుంది."

"నా ఇల్లు. నా చెప్పు."

"మీరు మళ్ళీ చెప్పు తీస్తే దాన్ని తీసుకుని నేనే మెట్లు దిగిపోతాను."

బహీగా చెంచా గిన్నెలో ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళలో కోడలి నోట ఇలాంటి మాట వినలేదావిడ. "కుక్క కోసం నన్ను బెదిరిస్తున్నావా?"

"కుక్క కోసం కాదు. ఆయన అడిగారు."

బహీగా పప్పుచారు చల్లారిపోయేదాకా అలాగే కూర్చుని, తాగకుండానే లేచింది.

బుధవారం నాలుగుసార్లు, గురువారం ఐదుసార్లు దౌలత్ మెట్లు దిగి ఎక్కింది. మోకాళ్ళు పట్టేశాయి. యూనిఫాములు సగంలోనే ఉండిపోయాయి. బుందుఖ్ ఇప్పుడు తాడు పొడుగునా అటూ ఇటూ కాస్త నడుస్తోంది. రాయి దగ్గరకు వెళ్ళి వాసన చూస్తోంది. గురువారం పొద్దున వెనక్కాళ్ళు కొంచెం వంచింది కూడా. సరిగ్గా అప్పుడే దొడ్డిలో ఎవడో పలక మీద సుత్తి వేశాడు. పిల్ల బాణంలా ఎగిరి, తాడు చివర ఠక్కున ఆగి, పల్టీ కొట్టింది. తర్వాత దాని గుండె ఆమె అరచేతిలో టకటకా కొట్టుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక సంగతి గమనించింది దౌలత్. బహీగా వరండాలోంచి వంటింట్లోకి వట్టి కాళ్ళతో నడుస్తోంది. డిసెంబరు చలిలో, మంచులాంటి గచ్చు మీద. మామూలుగా ఆవిడ చెప్పుల చప్పుడు ఆ చివర మొదలవగానే కుక్కపిల్ల మిషను వెనక తడిపేసుకునేది. దౌలత్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ రోజే గాలి మారింది. ఏటా డిసెంబరులో వచ్చే కాసిమ్ తుఫాను రావలసిన వారమే అది. చీకటి పడకముందే రేవు మూసేశారు. పడవలు ఒకటొకటిగా తిరిగొచ్చి గోడ లోపల ఇరుక్కున్నాయి. రేవు కాపలాదారుడికి ఫోను చేసి దౌలత్ అడిగింది. అందరూ వచ్చారట. 'బరకత్' రాలేదు. రేడియోకి పలకడం లేదు. షహ్హాత్ ఫోను కలవడం లేదు.

బహీగా రాత్రంతా చాప మీదే ఉంది. దౌలత్ మిషను ముందు కూర్చుంది గానీ ఒక్క కుట్టూ వెయ్యలేదు. కిటికీ తలుపులు దడదడా కొట్టుకున్నాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా బుందుఖ్ ఆమె పాదం మీదికి జరిగింది, తెల్లారేసరికి పాదమంతా దాని కిందే ఉంది. ఇంట్లో ఎక్కడా తడి లేదు. భయంతో బిగపట్టిందని ఆమెకు తెలుసు. బిగపట్టింది ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట వదలక తప్పదు.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక వాన తెరిపిచ్చింది. దౌలత్ తాడు చేతికి చుట్టుకుంటుంటే బహీగా చలికోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికి అత్తయ్యా? మెట్లు తడిగా ఉన్నాయి."

"సముద్రం చూడాలి."

"పై నుంచి కనిపిస్తుందిగా."

"దగ్గర్నుంచి చూడాలి. చెయ్యివ్వు."

ఒక చంకలో కుక్కపిల్ల, ఇంకో చేతికి అత్తగారు. కుక్కను చూసి అత్తగారు మొహం తిప్పుకుంటే, అత్తగారిని చూసి కుక్క మొహం తిప్పుకుంది. నాలుగంతస్తులు దిగడానికి పావుగంట పట్టింది. దొడ్డి పక్కన మహ్రూసా బుట్ట లేదు, ఆమె కుక్కలూ లేవు. బహీగా ఒక దుంగ మీద సముద్రం వైపు తిరిగి కూర్చుంది. దౌలత్ పిల్లను పొడి ఇసుక ఉన్నచోట, పెద్ద పడవ కడుపు కింద దించి, తాడు వదులుచేసి అత్తగారి పక్కన నిలబడింది.

రేవు గోడ మీద నుంచి అలలు ఎగిరి దూకుతున్నాయి. గోడ అవతల అంతా బూడిద రంగు. అందులో నల్లటి చుక్క కనిపించినప్పుడల్లా దౌలత్ మునివేళ్ళ మీద లేచేది. చూస్తూండగా అది అలై విరిగిపోయేది.

"షహ్హాత్ వాళ్ళ నాన్న కూడా ఇలాంటి రోజునే..." అని బహీగా ఆగిపోయింది.

"ఆయన వస్తారు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

ఇద్దరూ మళ్ళీ సముద్రం వైపు తిరిగారు. ఎంతసేపు అలా ఉన్నారో దౌలత్‌కు తెలియదు. శనివారం గుర్తు లేదు, ముతవల్లీ గుర్తు లేడు, చివరికి చేతిలో తాడు ఉందన్న సంగతి కూడా గుర్తు లేదు. ఉన్నట్టుండి బహీగా ఆమె అంగీ అంచు పట్టుకుని గట్టిగా గుంజింది.

"తిరక్కు."

"ఏమిటి?"

"తిరక్కు అంటున్నానా! మాట్లాడకు. నిలబడు."

తాడు చేతిలో కదలడం లేదు. ఎక్కడో వెనక, ఇసుకలో సన్నటి చప్పుడు, దూది మీద నీళ్ళు పోసినట్టు. అది ఆగదేమోనన్నంతసేపు సాగింది. రెండు రోజుల భయమంతా అందులో ఉంది. దొడ్డిలో ఎక్కడ ఏ సుత్తి లేస్తుందో, ఎక్కడ ఏ ఉరుము పడుతుందోనని దౌలత్ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏదీ పడలేదు. చప్పుడు ఆగింది. తర్వాత తాడు మెల్లిగా ఆమె వైపుకే వదులైంది. చల్లటి ముక్కు మడమకు తగిలింది.

దౌలత్ వంగి, ఏమీ మాట్లాడకుండా, జేబులోంచి సార్డీను ముక్క తీసి పెట్టింది. తలెత్తేసరికి బహీగా మళ్ళీ సముద్రం వైపే చూస్తోంది.

"పోసింది కదా," అంది బహీగా. "ఇంక వాడు రావాలి."

ఆ రాత్రీ కబురు రాలేదు.

శనివారం మధ్యాహ్నం ముతవల్లీ గొడుగు పట్టుకుని వచ్చాడు. వెనక వాచ్‌మన్ బరాయీ, మడిచిన గోనెసంచి ఒకటి చంకలో పెట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు. షహ్హాత్ పడవ సంగతి ముతవల్లీకి తెలుసు. గొంతు తగ్గించే మాట్లాడాడు గానీ మాట తప్పలేదు.

"నేర్చిందంటున్నావు, సంతోషం. కళ్ళారా చూస్తే నేనూ నమ్ముతాను. మూడో అంతస్తు వాళ్ళు రోజూ నా ప్రాణం తోడేస్తున్నారు."

అందరూ దిగారు. బహీగా కూడా, మళ్ళీ కోడలి చెయ్యి పట్టుకుని. బుందుఖ్‌ను పడవ కింద దించారు. ముతవల్లీ రెండు గజాల దూరంలో గొడుగు నేలకు ఊతంగా పెట్టి, రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడ్డాడు. పిల్ల అతన్ని చూసింది. గొడుగును చూసింది. బరాయీ చంకలో సంచిని చూసింది. పొట్ట నేలకానించి, చెవులు వెనక్కి అతికించి, మళ్ళీ మొదటిరోజు ముద్దయిపోయింది.

పది నిమిషాలు గడిచాయి. దౌలత్ తాడు ఇంకాస్త వదులుచేసింది.

"చూశావా అమ్మా," అన్నాడు ముతవల్లీ, కొంచెం జాలిగానే. "బరాయీ..."

"హాజీ," అంది బహీగా. "మొహం అటు తిప్పు."

"ఏమిటీ?"

"గోడ వైపు తిరిగి నిలబడు."

"నేను చూడ్డానికే కదా వచ్చింది? చూడకుండా ఎలా తెలుస్తుంది?"

"నువ్వు పాయిఖానాలో కూర్చుంటే నేను తలుపు తీసి గొడుగేసుకుని చూస్తూ నిలబడతాను. నీకవుతుందేమో చెప్పు."

బరాయీ మూతికి సంచి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ముతవల్లీ మెడ దాకా ఎర్రబడి, ఏదో అనబోయి, ఆ ముసలామె కళ్ళలోకి చూశాడు. రెండు రాత్రులు నిద్ర లేని కళ్ళు. అతను గోడ వైపు తిరిగాడు.

"నువ్వూ తిరుగు బరాయీ. ఆ సంచి అవతల పారెయ్," అంది బహీగా.

నలుగురూ నాలుగు దిక్కులకు తిరిగి నిలబడ్డారు. గాలి తగ్గింది. రోడ్డు మీద ఒక ఆటో దడదడలాడుతూ దగ్గరికొచ్చింది. వెళ్ళిపొమ్మని దౌలత్ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఆటో వెళ్ళిపోయింది. తాడు కొంచెం లాగింది. ఆగింది. మళ్ళీ లాగింది, రాయి వైపు. తర్వాత బొత్తిగా కదల్లేదు. ముతవల్లీ దగ్గబోయి నోరు నొక్కుకున్నాడు.

చల్లటి ముక్కు మడమకు తగలగానే దౌలత్ "చూడండి" అంది.

పొడి ఇసుకలో అరచేతి మేర తడి మచ్చ. ముతవల్లీ వంగి చూశాడు, గొడుగు మొనతో దాని పక్కన ఇసుక గీరాడు, నడుము పట్టుకుని లేచాడు.

"సరే. అయితే ఎత్తుకునే దింపాలి, ఎత్తుకునే ఎక్కించాలి. మెట్ల మీద నడిపించొద్దు." రెండడుగులు వేసి ఆగాడు. "రేవు ఆఫీసుకి నేనే వెళ్తున్నా. ఏమైనా తెలిస్తే కబురంపుతా."

కబురు ఆదివారం సాయంత్రపు అసరు నమాజు వేళకు వచ్చింది, ఫోనులో, షహ్హాత్ గొంతుతోనే. ఇంజను గదిలోకి నీళ్ళొచ్చాయట. రేడియో తడిసి చచ్చిందట. అబూకీర్ దగ్గర దీవి చాటున లంగరేసుకుని మూడు రోజులు నీళ్ళు తోడుకుంటూ గడిపారట. అందరూ బతికే ఉన్నారు. తన కుడిచేతి రెండు వేళ్ళు ఇంజను బెల్టులో నలిగాయని చివర్లో, అదేదో చిన్న సంగతన్నట్టు చెప్పాడు.

ఫోను బహీగా చేతిలో ఉంది. ఆవిడ "వేళ్ళా" అని ఒక్క మాట అంది, అంతే. ఫోను కోడలికిచ్చి, వెళ్ళి చాప మీద నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు.

"దౌలత్," అన్నాడు షహ్హాత్ అవతలి నుంచి. "కుక్కపిల్ల బతికే ఉందా?"

"ఉంది," అంది దౌలత్. ఇంకేదో చెప్పబోయింది గానీ ఏడుపు వచ్చేసింది. నాలుగు రోజులుగా రానిది, కుక్క పేరెత్తగానే వచ్చింది.

మంగళవారం సాయంత్రం అతను చేతికి కట్టుతో మెట్లెక్కి వచ్చాడు. బుందుఖ్ మిషను వెనక నుంచి తల బయటపెట్టింది. పన్నెండు రోజుల కిందటి కోటు వాసన దానికి అందిందేమో, ఒళ్ళంతా మెలికలు తిరుగుతూ గచ్చు మీద జారుకుంటూ వచ్చి, అతని కాళ్ళ మధ్య వెల్లకిలా పడి, సంతోషం పట్టలేక, గడప లోపలే, అతని బూటు మీద పోసేసింది.

దౌలత్ అత్తగారి వైపు చూసింది.

బహీగా వంటింట్లోకి వెళ్ళి గుడ్డ తెచ్చి కోడలి చేతికిచ్చింది. "తుడువు," అంది. "ముందు దాన్ని కిందికి దింపుకురా. ఇంకా మిగిలుంటుంది." తర్వాత కొడుకు కట్టుకట్టిన చెయ్యి జాగ్రత్తగా తన రెండు చేతుల్లోకి తీసుకుని, దీపం కిందికి నడిపించుకు వెళ్ళింది.